నర్సమ్మ ముక్కుకు నీలి టిక్కు

గుమ్మడిదల మండలంలో నర్సింహమ్మ పేరు తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, ఆమె ముక్కు సంగతి తెలియనివాళ్ళు లేరు. చూడటానికి అదేమీ గొప్ప ముక్కు కాదు. కాస్త చప్పిడిది. కుడివైపు ఎర్రరాయి ముక్కుపుడక, ఎడమవైపు చిన్నప్పుడు బర్రె కొమ్ము తగిలిన మచ్చ. పెళ్ళిచూపుల్లో పెంటయ్య తల్లి ఆ ముక్కును చూసి పెదవి విరిచిందట. ఆ విరుపును నర్సింహమ్మ నలభై ఏళ్ళుగా మరిచిపోలేదు, పెంటయ్యను మరిచిపోనివ్వనూ లేదు.

పుట్టింట్లో బర్రెల మధ్య పెరిగింది. పాలు విరగబోతున్నాయని ఇంటిల్లిపాది కంటే ముందు ఆమెకే తెలిసేది. అత్తగారి ఊళ్ళో పాలకేంద్రం పెట్టినప్పుడు, పరీక్ష చేయడానికి గాజుగొట్టాలు ఉన్నా సరే, కేంద్రం నడిపే ఆయన క్యాను మూత తీసి ముందు ఆమె ఎదుట పెట్టేవాడు. ఆమె ఒక్కసారి వంగి లేచి, "ఇందుల నిన్నటి పాలు కలిపిండ్రు" అనేది. కలిపినవాడు కిక్కురుమనకుండా క్యాను ఎత్తుకుని పోయేవాడు. ముక్కుతో పాటు నోరు కూడా ఉండటం వల్ల ఆమెకు శత్రువులకూ కొదవ లేదు. తోడికోడలి చెల్లెలి పెళ్ళిలో పప్పు అడుగంటిందని వంటవాడి కంటే ముందు తనే పందిట్లో ప్రకటించి, ఏడాది పాటు ఆ ఇంటితో మాటల్లేకుండా చేసుకుంది. అయితే పప్పు అడుగంటిన మాట మాత్రం నిజం.

ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఊరికి తూర్పున ఒకే ఒక మందుల కంపెనీ ఉండేది. ఇప్పుడు పొలాల మధ్య ఎన్ని లేచాయో చూడాలంటే డాబా ఎక్కాలి. తెల్లవారుజామున అవి వదిలే గాలి ఊరి మీదికి వస్తుంది. వాసన వస్తోందని ఫిర్యాదు చేస్తే అధికారులు గాలిని కొలిచే మిషన్ పట్టుకుని రాకపోరు. వస్తారు, మధ్యాహ్నం భోజనాల వేళకు. అప్పటికి వాసన తన పని చూసుకుని వెళ్ళిపోయి ఉంటుంది. పాపం ఆ మిషన్‌ను అనడానికి లేదు, దానికి ఎవరూ పొద్దున్నే నిద్ర లేవమని చెప్పలేదు.

కాబట్టి ఊరి ఆడవాళ్ళు ఆ మిషన్ మీద ఆశ వదిలేసి నర్సింహమ్మ ముక్కును నమ్ముకున్నారు. బట్టలు ఆరేయాలన్నా, మిరపకాయలు ఎండబెట్టాలన్నా, పసిపిల్లను వాకిట్లోకి తేవాలన్నా, "నర్సమ్మ మీదికెక్కిందా?" అని అడగటం అలవాటైంది. ఆమె పొద్దున్నే డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన తూర్పు ముఖంగా నిలబడి, గట్టిగా ఒక శ్వాస పీల్చి, కిందనున్న గల్లీకి తీర్పు చెప్పేది.

ఆ తీర్పును ఫోన్లోకి ఎక్కించింది కోడలు నిషిత. ఇంట్లోనే బ్లౌజులు కుట్టే పిల్ల, సూదిలో దారం ఎక్కించినంత తేలిగ్గా వీడియోలు చేస్తుంది. 'నర్సమ్మ ముక్కు' అని పేజీ తెరిచి, రోజూ ఆరింటికి అత్త తీర్పును అందులో పెట్టడం మొదలుపెట్టింది.

"ఇయ్యాల తూర్పు దిక్కు కెల్లి మురిగిన కోడిగుడ్డు. బట్టలు లోపలేసుకోండ్రి. దమ్ము బీమారున్నోళ్ళు జెర పైలం."

"ఇయ్యాల గోర్ల రంగు వాసన. తలకాయ నొస్తది, కిటికీలు మూసుకోండ్రి."

"ఇయ్యాల గాలి మంచిగున్నది. ఏదైన ఆరేసుకోండ్రి."

ఈ మూడోది నెలకు నాలుగైదు సార్ల కంటే ఎక్కువ వచ్చేది కాదు. వచ్చిన రోజు డాబాలన్నీ రంగురంగుల చీరలతో నిండిపోయేవి. ఏడాది తిరిగేసరికి పేజీని చూసేవాళ్ళు ఇరవై వేలు దాటారు. పటాన్‌చెరు కిరాయి గదుల్లో ఉండే పనివాళ్ళు చూశారు, కంది క్యాంపస్‌లో వంట చేసేవాళ్ళు చూశారు, తెల్లాపూర్‌లో పదో అంతస్తు నుంచి కూడా చూశారు. పెంటయ్యను సంతలో "ముక్కు భర్తగారా?" అని పలకరించేవారు. ఆయన దానికి చాలా నొచ్చుకున్నట్టు నటించి, సంతకు మాత్రం రెట్టింపు సార్లు పోసాగాడు.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరాక ఒక ఉదయం, ఆదిలక్ష్మి గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చి, దాన్ని దభీమని దించింది. ఆదిలక్ష్మి ఊళ్ళో కిరాణా షాపు కాశీనాథ్ భార్య. ఎండాకాలం వచ్చిందంటే సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు పెట్టి షాపులో అమ్ముతుంది. నర్సింహమ్మతో పాతికేళ్ళ స్నేహం.

"వాసన చూడు" అంది.

నర్సింహమ్మకు వంగాల్సిన అవసరం కూడా లేకపోయింది. "కోడిగుడ్డు" అంది ముక్కు మూసుకుని. "మొన్నటి గాలి పట్టింది. మొన్న ఎవ్వలన్న వడియాలు పెడ్తరా? నేను వద్దని చెప్తి గద!"

"వద్దన్నవా? మంచిగున్నది, ఆరేసుకోండ్రి అన్నవ్. నా చెవులతోని ఇన్న. పది కిలోలు నర్సక్కా, రెండు దినాలు నడుము విరగ పెట్టిన!"

తను అనలేదంది నర్సింహమ్మ. అన్నావంది ఆదిలక్ష్మి, ఫోన్ తీసి ముఖం ముందు పెట్టింది. అందులో నర్సింహమ్మే ఉంది. అదే ట్యాంకు, అదే ఆకుపచ్చ చీర, అదే ముక్కు. "ఇయ్యాల గాలి మంచిగున్నది" అంటోంది. పైన 'నర్సమ్మ ముక్కు అఫీషియల్' అని రాసి ఉంది. దాని పక్కన చిన్న నీలి బిళ్ళ, బిళ్ళలో తెల్లటి టిక్కు.

నిషిత కుట్టు మిషన్ ఆపి వచ్చి చూసి, "ఇది మన పేజీ కాదు పిన్నీ" అంది. "ఎన్నడో పెట్టిన పాత వీడియో తీసి మొన్నటి తారీఖు మీద పెట్టిండ్రు."

"మీది కాకుంటె టిక్కు ఎట్లొస్తది? టిక్కుంటేనే అసలుదంట, మా ఆయన చెప్పిండు. మీ దానికి టిక్కు ఏది?" అంది ఆదిలక్ష్మి. గంప అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "తప్పైందంటే అయిపోవు గద అక్కా. పాతికేండ్ల సంది నీ మాట మీదనే ఆరేస్తున్న" అంది.

ఆ మాట నర్సింహమ్మకు సూటిగా తగిలింది. జీవితంలో ఆమె చాలామందిని నొప్పించింది గానీ, అబద్ధం చెప్పి ఎవరినీ నొప్పించలేదు. ఆ రోజు అన్నం సయించలేదు. పెంటయ్య ఎందుకని అడిగితే, చారులో చింతపండు పాతదన్న వంకతో ఆయన్నే తిట్టింది, తర్వాత పెరట్లోకి పోయి బర్రె పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది.

వారం రోజుల్లో సంగతి అర్థమైంది. గాలి బాగున్న రోజు నీలి టిక్కు పేజీ నిషిత పెట్టిన వీడియోనే తీసుకుని పావుగంట ఆలస్యంగా పెడుతోంది. గాలి బాగాలేని రోజు మాత్రం పాత మంచి వీడియో ఒకటి తీసి పెడుతోంది. ఆ పేజీలో నర్సమ్మ ఊరికి నెలలో ముప్పై రోజులూ గాలి మంచిదే. జనం దాన్నే నమ్మారు. పటాన్‌చెరు బస్టాండులో ఒకామె నర్సింహమ్మను ఎగాదిగా చూసి, "అచ్చం నర్సమ్మ లెక్కనే ఉన్నవమ్మా" అంది. తనే నర్సమ్మనని చెబితే, "ఊకో, ఆమెకు టిక్కున్నది" అని నవ్వి బస్సెక్కింది.

"మనం కూడ టిక్కు తెచ్చుకుందాం అత్తమ్మా" అంది నిషిత.

ఆ తతంగం డాబా మీదే జరిగింది. ఆధార్ కార్డు ఫొటో తీశారు. ముఖం కుడికి తిప్పమంది ఫోన్, తిప్పింది. ఎడమకు తిప్పమంది, తిప్పింది. పైకి చూడమంది, చూసింది. "మా అత్త కూడ పెండ్లిచూపులల్ల గిన్ని దిక్కులు సూడలే నన్ను" అంది నర్సింహమ్మ. నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఈ పేరుతో గుర్తింపు పొందిన పేజీ ఇప్పటికే ఉంది, మీరు వేరొక వ్యక్తిలా నటిస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది, ఇలాగే కొనసాగితే మీ పేజీ తొలగిస్తాం అని.

నిషిత రెండుసార్లు చదివి వినిపించింది.

"అంటే, నేను నా లెక్క నటిస్తున్ననంటనా?" అంది నర్సింహమ్మ. "వీళ్ళ ఆఫీసు ఏడున్నదే? సంగారెడ్డిలనా, పటాన్‌చెరులనా? సద్దిగట్టుకోని పోదాం. ముఖం జూపిస్త, ముక్కు జూపిస్త, సాలకుంటె వాని ఆఫీసుల ఏం కుళ్ళిందో కూడ చెప్పొస్త."

ఆఫీసు ఈ దేశంలోనే లేదని నిషిత చెప్పింది. ఇక్కడ లేని ఆఫీసు ఇక్కడి మనుషుల్ని నకిలీ అని ఎలా తేలుస్తుందో నర్సింహమ్మకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, అది ఎవరికీ అర్థం కాదు.

అయితే నిషిత ఊరుకునే పిల్ల కాదు. నీలి పేజీని ఇంచు ఇంచు గాలించింది. సంస్థ పేరు మీద కాగితాలు పెట్టి టిక్కు తీసుకున్నవాళ్ళు పేజీలో ఫోన్ నంబరు పెట్టి తీరాలట. ఆ నంబరు ఒక మూలన ఎవరూ చూడని చోట ఉంది. చేసి చూసింది. "నమస్తే, చెప్పండి" అంటూ ఒక కంపెనీ పేరు వినిపించింది. తూర్పు దిక్కున ఉన్నవాటిలో అన్నింటికంటే పెద్ద గొట్టం ఉన్న కంపెనీ అది.

పోలీసుల దగ్గరికి పోదామన్నాడు పెంటయ్య. నర్సింహమ్మ వినలేదు. నీలి పేజీలో పది రోజుల కిందటి వీడియో ఒకటి మళ్ళీ పెట్టించుకుని చూస్తోంది. అందులో ఆమె "గాలి మంచిగున్నది" అని చెప్పాక, కెమెరా ఆగిందనుకుని, "ఓ ముసలోడా, బర్రె తాడు తెంపుకున్నది, నువ్వేమో బీడి తాగుతున్నవ్!" అని అరిచింది. నిషిత పొరపాటున అది కోయకుండా పెట్టింది. నీలి పేజీవాడు కూడా బర్రెతో సహా, బీడీతో సహా పెట్టేశాడు.

"పిల్లా, వీడు మొదటి మాట ఒక్కటే ఇంటున్నడు" అంది నర్సింహమ్మ మెల్లగా. "మంచిగున్నది అంటె సాలు, ఎనుక నేను ఏం చెప్పినా కండ్లు మూసుకోని పెడ్తడు."

అత్తాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ అంత ఒక్కటిగా నవ్వడం అదే మొదలు.

పథకం సిద్ధమైంది గానీ గాలి సిద్ధం కాలేదు. మరునాడు కోడిగుడ్డు. ఆ మరునాడు గోర్ల రంగు. మూడో రోజు రెండూ కలిసి వచ్చాయి. నిషితకు ఓపిక పోయింది.

"ఒక్కదినం మంచిగున్నది అనరాదు అత్తమ్మా? వాణ్ణి పట్టనీకే గద!"

"నేనట్ల అన. నేను చెప్పంగనే ఎవ్వలో పసిపిల్లను వాకిట్ల పండబెడ్తరు. లేని మంచిని ఉన్నదంటె, వానికి నాకు ఏం ఫరకున్నది?" అంది నర్సింహమ్మ. ముక్కు మీద కోపం ఉన్న మనిషే గానీ, ఆ ముక్కుతో బేరాలు ఆడే మనిషి కాదు.

నాలుగో రోజు పడమటి గాలి తిరిగింది. నర్సింహమ్మ డాబా ఎక్కి ఒకటికి మూడుసార్లు పీల్చింది. తడి మట్టి, వేపపూత, ఎవరింట్లోనో కాగుతున్న పాలు. అంతే.

"ఇయ్యాల గాలి మంచిగున్నది. ఏదైన ఆరేసుకోండ్రి" అని మొదలుపెట్టింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఇగ ఇంకో మాట. మంచిగున్నదని ఈ పేజీల చెప్తె నమ్మి ఆరేసినోళ్ళవి, వడియాలు గాని, మిరపకాయలు గాని, మస్తు ఖరాబైనయి. తప్పు ఈ పేజీదే. ఖరాబైనయన్ని వాపస్ తీస్కుంటం. యాడికి తేవాల్నో, పేజీల నంబరున్నది, ఫోన్ చేసి అడుగుండ్రి. సిగ్గుపడకుండ్రి, ఇయ్యాలనే తెండ్రి" అంది.

అత్తాకోడళ్ళ పేజీలో నంబరు లేదు, నీలి పేజీలోనే ఉంది. ఆరుంబావుకు నీలి టిక్కు పేజీ ఆ వీడియోను తు.చ. తప్పకుండా పెట్టింది. దాన్ని నడిపేవాడు తెల్లాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తులో, కిటికీలు బిగించుకుని ఏసీలో పడుకునే ఒక కుర్రాడని తర్వాత తెలిసింది. వీడియో పెట్టి, అతను మళ్ళీ నిద్రపోయాడట.

తొమ్మిది గంటలకు అత్తాకోడళ్ళు ఆ కంపెనీ గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చున్నారు. అందరికంటే ముందు వచ్చింది ట్రాలీ ఆటో. అందులో మూడు గోనెసంచుల మధ్య ఆదిలక్ష్మి నిలబడి ఉంది. ఫోన్ చేసి కంపెనీ పేరు వినగానే ఆమెకు సగం తెలిసింది. గేటు చూసేసరికి మిగతా సగమూ తెలిసింది.

"నర్సక్క పేరు పెట్టుకున్నది మీరా?" అని ఆమె వేసిన కేక ఎదురుగా చాయ్ తాగుతున్నవాళ్ళకు కూడా వినిపించింది. నర్సింహమ్మ గ్లాసుతోనే లేవబోయింది, చీర మీద కాస్త చాయ్ ఒలికింది. ఆ మరకను చాలాసేపటి వరకు తుడుచుకోలేదు.

పదింటికల్లా ముప్పై మంది దాకా చేరారు. సంచులు, గంపలు, బక్కెట్లు. కొందరు ఉతికిన తర్వాత కంపు పట్టిన దుప్పట్లు కూడా తెచ్చారు. గేటు కాపలా పాండు పక్క ఊరివాడే. వాళ్ళమ్మ పెట్టిన చల్ల మిరపకాయలు ఆ నెలలోనే నాశనమయ్యాయి. అతను రిజిస్టర్ తెరిచి, చాలా భక్తిగా పెన్ను పట్టుకున్నాడు.

ఈ పారిశ్రామికవాడలో ఏ గేటుకైనా ఒకటే నియమం. లోపలికి వచ్చిన ప్రతి వస్తువూ రిజిస్టర్‌లో ఎక్కాలి. ఎక్కిన వస్తువు గేట్ పాస్ లేకుండా బయటికి పోకూడదు. మేకు పోవాలన్నా అంతే.

"ఏం తెచ్చిండ్రమ్మా?"

"వడియాలు."

"ఎట్లాంటియి?"

"నువ్వే చూస్కో బిడ్డా."

పాండు వాసన చూసి తల వెనక్కి తీసుకుని, 'దుర్వాసన గల వడియాలు' అని రాశాడు. సంచి లోపలికి తోయించాడు. తర్వాతి ఆమెను పిలిచాడు. అలా అరగంటలో ఆ కంపెనీ ముందుగది, అద్దాల తలుపుల వెనక, సంచులతో నిండిపోయింది.

ఆఫీసర్ సుమిత్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పాండూ, యే క్యా హై? పదకొండుకు ఫారిన్ ఆడిటర్లు వస్తున్నారు! బయట పడెయ్, జల్దీ!"

"ఎంట్రీ అయిపోయింది సార్. గేట్ పాస్ లేంది ఎట్ల పంపుత? రూల్ మీదే గద సార్" అన్నాడు పాండు, పాస్ పుస్తకం ముందుకు జరుపుతూ. "కారణం రాయాలె. నేను రాసిన, మీరు దస్కతు చేస్తె సాలు."

సుమిత్ వాచీ చూసుకున్నాడు. సంచుల వైపు చూశాడు, చూడకూడదనుకున్నా ఒకసారి వాసన కూడా పీల్చాడు. చదవకుండానే గబగబా సంతకం చేశాడు. పాండు దాని మీద కంపెనీ గుండ్రటి ముద్ర నీలి సిరాలో గట్టిగా గుద్ది, ఒక కాపీ ఆదిలక్ష్మి చేతిలో పెట్టాడు. 'వస్తువు: వడియాలు. బయటికి పంపుటకు కారణం: ఫ్యాక్టరీ గాలి వలన దుర్వాసన.'

ఆదిలక్ష్మి ఆ కాగితం పట్టుకుని రోడ్డు దాటింది. నర్సింహమ్మను చూసింది. కాగితాన్ని నిషితకు ఇచ్చి, హోటలతన్ని పిలిచి, "మా అక్కకు ఇంకో చాయ్ పొయ్యి, ఇది ఒలికింది" అంది.

గేట్ పాస్ ఫొటో ఆ మధ్యాహ్నమే నర్సమ్మ ముక్కు పేజీలో పడింది. సాయంత్రానికి నీలి పేజీ మాయమైంది, తెల్లాపూర్ కుర్రాడి కొలువుతో సహా. మరుసటి వారం మిషన్ పట్టుకుని అధికారులు వచ్చారు, ఈసారి పొద్దున ఆరింటికి, ఆవులిస్తూ. కంపు పోయిందని మాత్రం అనుకోకండి. వారంలో ఆరు రోజులు వచ్చేది ఐదు రోజులు వస్తోంది, అంతే.

నిషిత టిక్కు కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టింది. నర్సింహమ్మ మళ్ళీ ముఖం కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. పదకొండో రోజు పొద్దున ఆమె డాబా మీద ఉండగా కోడలు మెట్లు ఎగబాకుతూ వచ్చింది.

"అత్తమ్మా, టిక్కొచ్చింది! నువ్వు అసలుదానివేనంట!"

నర్సింహమ్మ ఫోన్ తీసుకుంది. పేరు పక్కన బుల్లి నీలి బిళ్ళ. దాన్ని కాసేపు చూసి, ఫోన్ ముక్కు దాకా తెచ్చుకుని ఒకసారి పీల్చింది.

"దీనికేం వాసన లేదు" అని తిరిగి ఇచ్చేసింది.

కింద గల్లీలోంచి పిలుపు వినిపించింది. ఆదిలక్ష్మి, చంకలో సగ్గుబియ్యం పిండి గిన్నె పెట్టుకుని పైకి చూస్తోంది.

"నర్సక్కా, వడియాలు పెట్టమంటవా?"

"ఫోన్ల చూస్కోరాదు? ఇప్పుడు టిక్కు కూడ వచ్చింది" అంది నర్సింహమ్మ, కాస్త బెట్టుగానే.

"ఫోన్ ఇంట్లనే పెట్టొచ్చిన. నువ్వు చెప్పు."

నర్సింహమ్మ ట్యాంకు పక్కకు నడిచింది. తూర్పుకు తిరిగి, ముక్కుపుడక సర్దుకుని, గట్టిగా ఒక శ్వాస పీల్చింది.

"ఇంకో గంట ఆగు" అంది.

ఆదిలక్ష్మి గిన్నె దించి, అరుగు మీద కూర్చుంది.